విద్యుత్ అభివాహాన్ని, ఆవేశాల చుట్టూ ఉండే క్షేత్రాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలో విద్యుత్తు పాఠాలు మొదలయ్యేది ఆవేశాలు, క్షేత్రాలతోనే. లోపలి ఆవేశాన్ని బట్టి అభివాహాన్ని చెప్పే ‘క్యూ బై ఎప్సిలాన్ నాట్’ అన్న సూత్రం వారం తిరక్కుండానే విద్యార్థుల నోటికి వచ్చేస్తుంది. అయితే ‘ఒక పెట్టె గుండా పోయే మొత్తం అభివాహం సున్నా అయితే, ఆ పెట్టె లోపల విద్యుత్ క్షేత్రం కూడా సున్నాయేనా?’ అని అడిగితే, సూత్రాన్ని తడుముకోకుండా చెప్పినవారే ఆలోచనలో పడతారు. క్షేత్రం ఒక్కొక్క బిందువుకు చెందిన సంగతి, అభివాహం ఒక తలం మొత్తానికి వేసే లెక్క. ఈ రెండింటి తేడా మనసులో కుదురుకోకపోవడం వల్లే ఆ తడబాటు వస్తుంది. కింది మెట్లన్నీ ఆ తేడాను పట్టుకునే సాగుతాయి. ఒక ప్లాస్టిక్ స్కేలు, కొన్ని కాగితం ముక్కలు, టీ వడకట్టే స్టీలు జాలీ, కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోవాలి. గణితంలో గుణకారం, కొసైన్ అంటే ఏమిటో తెలిస్తే చాలు, కలనగణితం అవసరం రాదు.

మొదటి మెట్టు: క్షేత్రం చేసే పనిని కళ్ళతో చూడాలి

పలుచని కాగితాన్ని జొన్నగింజంత ముక్కలుగా చింపి బల్ల మీద పరచాలి. ప్లాస్టిక్ స్కేలును పొడి జుట్టు మీద పది పదిహేనుసార్లు గట్టిగా రుద్ది, ముక్కల పైకి మెల్లగా దించాలి. మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి ముక్కలు ముందు అంచు మీద నిక్కి నిలబడతాయి, ఆ తరువాత ఎగిరి స్కేలుకు అంటుకుంటాయి. ఒకటి రెండు ముక్కలు స్కేలును తాకి, కాస్త ఆగి, ఎవరో విసిరికొట్టినట్టు దూరంగా ఎగిరిపోవడం కూడా కనిపించవచ్చు. స్కేలు నుంచి కొంత ఆవేశాన్ని అవి కూడా తీసుకోవడం, సజాతి ఆవేశాలు వికర్షించుకోవడం దానికి కారణం. తలకు నూనె రాసుకున్న రోజున ఈ ప్రయోగం జరగదు. వానాకాలంలోనూ, ఉక్కపోతగా ఉండే సముద్రతీరపు ఊళ్ళలోనూ గాలిలోని తేమ ఆవేశాన్ని నిలవనివ్వదు కాబట్టి, పొడిగా ఉండే చలికాలపు రోజును ఎంచుకోవడం మంచిది.

ఇక్కడ గమనించవలసింది ముక్క ఎగరడం కన్నా, ఎగరడానికి ముందు అది నిక్కి నిలబడటం. స్కేలు దాన్ని తాకలేదు, మధ్యలో దారం లేదు, అయినా ముక్క ఉన్న చోట ఏదో మార్పు వచ్చింది. ఆవేశం తన చుట్టూ ఉన్న ప్రదేశానికి కలిగించే ఈ లక్షణాన్నే విద్యుత్ క్షేత్రం అంటారు. ఒక బిందువు దగ్గర చిన్న ధనావేశాన్ని ఉంచితే దాని మీద పనిచేసే బలాన్ని ఆ ఆవేశంతో భాగించగా వచ్చేది ఆ బిందువు వద్ద క్షేత్ర తీవ్రత. ఆ బలం ఎటు లాగుతుందో అదే క్షేత్ర దిశ. తీవ్రతను కూలూంబ్‌కు ఇన్ని న్యూటన్లు అని గానీ, మీటరుకు ఇన్ని వోల్టులు అని గానీ చెప్పవచ్చు, రెండూ ఒకటే. పరీక్షకు వాడే ఆవేశం చాలా చిన్నదిగా ఉండాలని పుస్తకాలు పట్టుబట్టడానికి కారణముంది. అది పెద్దదైతే, మనం కొలవాలనుకున్న ఆవేశాలనే తన బలంతో పక్కకు నెట్టి క్షేత్రాన్ని మార్చేస్తుంది.

రెండో మెట్టు: ఒక ఆవేశంతో మొదలుపెట్టి అంకెలు వేసి చూడాలి

1785లో చార్లెస్ ఆగస్టిన్ డి కూలూంబ్ సన్నని తీగకు వేలాడదీసిన కడ్డీ ఎంత మెలితిరుగుతుందో కొలిచి, రెండు ఆవేశాల మధ్య బలం వాటి దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని చూపాడు. దాన్ని బట్టి ఒక బిందు ఆవేశం వల్ల కలిగే క్షేత్ర తీవ్రత కావాలంటే, 9 × 10⁹ అనే స్థిరాంకాన్ని ఆవేశంతో గుణించి, దూరపు వర్గంతో భాగించాలి. ఒక నానో కూలూంబ్, అంటే కూలూంబ్‌లో వంద కోట్లవ వంతు ధనావేశాన్ని తీసుకుందాం. దానికి 30 సెంటీమీటర్ల దూరంలో తీవ్రత కూలూంబ్‌కు 100 న్యూటన్లు. దూరాన్ని 60 సెంటీమీటర్లు చేస్తే అది 25కు పడిపోతుంది, 10 సెంటీమీటర్లకు తగ్గిస్తే 900కు పెరుగుతుంది. ఈ మూడు అంకెలనూ కాగితం మీద ఒక పక్కన రాసి ఉంచుకోవాలి, వీటితో మళ్ళీ పని పడుతుంది.

ఆవేశాలు ఒకటి కన్నా ఎక్కువ ఉన్నప్పుడు ఒక్కొక్కదాని వల్ల కలిగే క్షేత్రాన్ని విడిగా కనుక్కొని, వాటిని సదిశలుగా, అంటే పరిమాణంతో పాటు దిశనూ లెక్కలోకి తీసుకొని, కలపాలి. అంకెల జోలికి పోకముందే బాణాలు గీయడం ఇక్కడ తప్పనిసరి అలవాటు కావాలి. ఒక నానో కూలూంబ్ ధనావేశాన్ని ఎడమ వైపు, నాలుగు నానో కూలూంబ్‌ల ధనావేశాన్ని దానికి 30 సెంటీమీటర్ల దూరంలో కుడివైపు ఉంచామనుకుందాం. చిన్న ఆవేశం నుంచి 10 సెంటీమీటర్లు కుడికి జరిగిన బిందువు దగ్గర చిన్నదాని వల్ల 900 కుడివైపుకు, 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పెద్దదాని వల్ల అంతే 900 ఎడమవైపుకు వస్తాయి. రెండూ చెల్లిపోయి క్షేత్రం సున్నా అవుతుంది. చుట్టూ ఆవేశాలున్నా ఒక బిందువు దగ్గర క్షేత్రం లేకుండా పోవచ్చునని ఈ చిన్న లెక్క చెబుతున్నది.

మూడో మెట్టు: బలరేఖలను చదవడం నేర్చుకోవాలి

పుస్తకాలు బైండు చేసే చోట పనిచేస్తూ, ఆ పుస్తకాలు చదివి విజ్ఞానం సంపాదించుకున్న మైకేల్ ఫారడేకు గణితం పెద్దగా రాదు. ఆ లోటును ఆయన బొమ్మలతో పూడ్చుకున్నాడు. ఆవేశం చుట్టూ రేఖలు గీసి, ఏ బిందువు దగ్గరైనా రేఖకు గీసిన స్పర్శరేఖ క్షేత్ర దిశను, రేఖలు ఎంత ఒత్తుగా ఉన్నాయన్నది తీవ్రతను చెప్పేటట్టు ఆయన ఏర్పాటు చేసుకున్నాడు. రేఖలు ధనావేశంలో పుట్టి రుణావేశంలో ముగుస్తాయి, లేదా అనంతానికి పోతాయి. ఒకే బిందువు దగ్గర క్షేత్రానికి రెండు దిశలు ఉండవు కాబట్టి రెండు రేఖలు ఎప్పుడూ ఖండించుకోవు.

కొన్ని ప్రయోగశాలల్లో ఈ రేఖలను నిజంగానే చూపిస్తారు. వెడల్పాటి గాజు పళ్ళెంలో పలుచగా ఆముదం పోసి, దాని మీద ఉప్మా రవ్వ చల్లి, రెండు లోహపు కొనలను ఆముదంలో ముంచి వాటి మధ్య కొన్ని వేల వోల్టులు ఇస్తే, రవ్వ గింజలు ఒకదాని వెనుక ఒకటి బారులు తీరుతాయి. ఒక కొన నుంచి బయలుదేరి విల్లులా వంగి రెండో కొనను చేరే ఆ బారులు ద్విధ్రువపు, అంటే సమానమైన ధన, రుణ ఆవేశాల జంటకు చెందిన, బలరేఖలే. అంతటి వోల్టేజి ఇంట్లో పెట్టుకోదగ్గది కాదు కాబట్టి దీన్ని ప్రయోగశాలలోనే చూడాలి.

రేఖల బొమ్మతో ఒక చిక్కు ఉంది. కూలూంబ్‌కు ఎన్ని రేఖలు గీయాలన్నది పూర్తిగా మన ఇష్టం, కాబట్టి రెండు రేఖల మధ్య ఖాళీలో క్షేత్రం లేదని అనుకోకూడదు. అది అంతటా నిండి ఉంటుంది. రేఖల లెక్క ఊహకు ఊతం మాత్రమే. ఆ ఊతాన్ని కచ్చితమైన అంకెగా మార్చినదే అభివాహం.

నాలుగో మెట్టు: చదునైన తలంతో అభివాహాన్ని కొలవాలి

గాలి వీచని వాన రోజున చినుకులు నిట్టనిలువుగా పడుతున్నాయనుకుందాం. పళ్ళేన్ని చదునుగా పట్టుకుంటే నిమిషంలో ఎక్కువ నీళ్ళు పడతాయి, వంచితే తగ్గుతాయి, అంచు పైకి వచ్చేలా నిలువుగా పట్టుకుంటే దాదాపు ఏమీ పడవు. వాన మారలేదు, పళ్ళెం వైశాల్యం మారలేదు, మారింది కోణమే. విద్యుత్ అభివాహం ఈ లెక్క లాంటిదే: క్షేత్ర తీవ్రతను తలపు వైశాల్యంతోనూ, క్షేత్రానికీ తలానికి గీసిన లంబానికీ మధ్య ఉన్న కోణపు కొసైన్‌తోనూ గుణించాలి. అయితే అభివాహం అన్న పేరులో ప్రవాహం ధ్వనిస్తున్నా, స్థిరవిద్యుత్ క్షేత్రంలో ఏదీ ప్రవహించదు. చినుకుల్లాంటివేవీ తలాన్ని దాటి పోవడం లేదు. పోలిక కోణం వరకే పనికివస్తుంది, అక్కడితో దాన్ని వదిలిపెట్టాలి.

కూలూంబ్‌కు 500 న్యూటన్ల ఏకరీతి క్షేత్రంలో 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు గల నోటుపుస్తకపు అట్టను ఉంచామనుకుందాం. దాని వైశాల్యం 0.06 చదరపు మీటర్లు. క్షేత్రానికి అట్ట ఎదురుగా నిలబడితే అభివాహం 500 × 0.06, అంటే 30. ప్రమాణం న్యూటన్-చదరపు మీటరు ప్రతి కూలూంబ్. అట్ట లంబం క్షేత్రంతో 60 డిగ్రీల కోణం చేసేటట్టు వంచితే 15 అవుతుంది. అట్ట క్షేత్రానికి సమాంతరంగా ఉంటే సున్నా.

పరీక్షల్లో మార్కులు పోయే చోటు కూడా ఇదే. ‘తలం క్షేత్రంతో 30 డిగ్రీల కోణం చేస్తున్నది’ అని ప్రశ్నలో ఉంటే, చాలామంది నేరుగా 30 డిగ్రీల కొసైన్‌తో గుణిస్తారు. సూత్రంలోని కోణం తలానిది కాదు, లంబానిది. తలం 30 డిగ్రీలు చేస్తే లంబం 60 డిగ్రీలు చేస్తుంది. లెక్క మొదలుపెట్టే ముందు తలం మీద ఒక మేకు దిగ్గొట్టినట్టు లంబాన్ని గీసుకుంటే ఈ పొరపాటు దగ్గరికి రాదు.

అయిదో మెట్టు: తలాన్ని మూసివేయాలి

ఇప్పుడు అన్ని వైపులా మూసి ఉన్న తలాన్ని, ఉదాహరణకు ఒక అగ్గిపెట్టెను, ఊహించుకోవాలి. మూసిన తలానికి లోపల, బయట అనేవి ఏర్పడతాయి కాబట్టి లంబాన్ని ఎప్పుడూ బయటికే గీయాలన్న కట్టుబాటు పెట్టుకుంటాం. అప్పుడు బయటికి వెళ్ళే క్షేత్రపు అభివాహం ధనాత్మకం, లోపలికి వచ్చేది రుణాత్మకం అవుతుంది.

అగ్గిపెట్టెను ఒక ముఖం ఎదురుగా ఉండేలా ఏకరీతి క్షేత్రంలో ఉంచితే ఒక ముఖం గుండా ఎంత లోపలికి వస్తుందో ఎదురు ముఖం గుండా అంతే బయటికి పోతుంది, మిగిలిన నాలుగు ముఖాల గుండా ఏమీ పోదు. మొత్తం సున్నా. కానీ పెట్టె లోపల ప్రతి బిందువు దగ్గరా క్షేత్రం ఉంది. మొదట్లో వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇదే: మొత్తం అభివాహం సున్నా అంటే వచ్చింది, పోయింది సమానమని అర్థం, క్షేత్రం లేదని అర్థం కాదు. ఇంకాస్త గట్టి ఉదాహరణ కావాలంటే, సమానమైన ధన, రుణ ఆవేశాల జంటను ఒక గోళం లోపల పెట్టి చూడాలి. గోళం మీద ఏ బిందువు దగ్గరా క్షేత్రం సున్నా కాదు, అయినా మొత్తం అభివాహం సున్నాయే.

ఆరో మెట్టు: గాస్ నియమాన్ని ఎవరి మాటా నమ్మకుండా రాబట్టాలి

రెండో మెట్టులో రాసి ఉంచుకున్న అంకెలను ఇప్పుడు తీయాలి. ఒక నానో కూలూంబ్ ఆవేశాన్ని కేంద్రంగా పెట్టుకొని 30 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక గోళాన్ని ఊహిస్తే, దాని ఉపరితల వైశాల్యం సుమారు 1.13 చదరపు మీటర్లు, అక్కడి తీవ్రత 100. క్షేత్రం ప్రతి చోటా ఉపరితలానికి లంబంగా బయటికే ఉంది కాబట్టి అభివాహం 113. వ్యాసార్ధాన్ని 60 సెంటీమీటర్లు చేస్తే వైశాల్యం నాలుగు రెట్లు పెరిగి 4.52 అవుతుంది, తీవ్రత నాలుగో వంతుకు తగ్గి 25 అవుతుంది. గుణిస్తే మళ్ళీ 113. పది సెంటీమీటర్ల గోళంతో లెక్కవేసినా అదే. దూరపు వర్గంతో తీవ్రత ఎంత తగ్గుతుందో, దూరపు వర్గంతోనే వైశాల్యం అంత పెరుగుతుంది కాబట్టి రెండూ సరిగ్గా చెల్లిపోతున్నాయి. నాకు ఈ పాఠం మొత్తంలో అన్నిటికన్నా అందమైన చోటు ఇదే అనిపిస్తుంది. బలం దూరపు వర్గంతో కాక ఘనంతో తగ్గి ఉంటే ఈ నియమమే ఉండేది కాదు.

ఆవేశాన్ని 8.85 × 10⁻¹² అనే శూన్యపు పెర్మిటివిటీతో, అంటే విద్యార్థులు ఎప్సిలాన్ నాట్ అని పిలిచే స్థిరాంకంతో, భాగించినా 113 వస్తుంది. గోళాన్ని నొక్కి గుమ్మడికాయలా సొట్టలు పెట్టినా ఈ అంకె మారదు. ఆవేశం నుంచి చూస్తే తలంలోని దూరపు తునక పెద్దదిగానూ, వంగిన తునక ఇంకా పెద్దదిగానూ ఉన్నా, దూరం, కోణం రెండూ కలిసి ఆ పెరుగుదలను సరిగ్గా కొట్టివేస్తాయి. మూసిన తలం గుండా పోయే మొత్తం అభివాహం, ఆ తలం లోపలున్న నికర ఆవేశాన్ని ఎప్సిలాన్ నాట్‌తో భాగించగా వచ్చేదానికి సమానం. కార్ల్ ఫ్రెడ్రిక్ గాస్ 1835లో రూపొందించిన ఈ నియమం ఆయన మరణించిన పన్నెండేళ్ళకు, 1867లో అచ్చయింది.

నియమంలో ఒక సున్నితమైన సంగతి ఉంది. తలం మీద మనం వాడే క్షేత్రం లోపలి ఆవేశాలు, బయటి ఆవేశాలు అన్నీ కలిసి కలిగించేది. మొత్తం అభివాహం మాత్రం లోపలి ఆవేశాలదే. బయట ఉన్న ఆవేశం తలం మీద ప్రతి బిందువు దగ్గరా క్షేత్రాన్ని మార్చగలదు గానీ, దాని క్షేత్రం ఒకవైపు లోపలికి వచ్చి మరోవైపు బయటికి పోవడం వల్ల మొత్తానికి ఏమీ కలపదు. రెండో మెట్టులోని ఒకటి, నాలుగు నానో కూలూంబ్‌ల జంటనే తీసుకుంటే, చిన్నదాన్ని మాత్రమే మూసే తలం గుండా 113, రెండింటినీ మూసే తలం గుండా 565 వస్తాయి. ఇక క్షేత్రం సున్నా అయిన ఆ బిందువు చుట్టూ మాత్రమే చిన్న తలం గీస్తే లోపల ఆవేశమేదీ లేదు కాబట్టి అభివాహం సున్నా.

ఏడో మెట్టు: లెక్కకు తగిన తలాన్ని ఎంచుకోవాలి

గాస్ నియమం ఎప్పుడూ నిజమే, కానీ అన్ని లెక్కలకూ పనికివస్తుందని కాదు. అభివాహం ఎంతో అది చెబుతుంది. అందులోంచి క్షేత్రాన్ని విడదీయాలంటే, తలం మీద తీవ్రత అంతటా ఒకేలా ఉండాలి, లేదా కొన్ని భాగాల గుండా అభివాహం అసలు లేకుండా పోవాలి. ఆవేశం అమరికలో సౌష్ఠవం, అంటే తిప్పినా జరిపినా అలాగే కనబడే గుణం, ఉంటేనే అలా కుదురుతుంది. తలం అన్నది ప్రకృతిలో ఉన్న వస్తువు కాదని, లెక్క కోసం మనమే గాలిలో గీసుకునేదని గుర్తుంచుకుంటే, ఎంపికలో మనకున్న స్వేచ్ఛ అర్థమవుతుంది.

పొడవాటి నిటారు తీగ మీద ఆవేశం ఏకరీతిగా పరచుకొని ఉందనుకుందాం. తీగను ఎంత పైకి, కిందికి జరిపినా, తన అక్షం చుట్టూ ఎంత తిప్పినా, తలకిందులు చేసినా అది అలాగే కనబడుతుంది. కాబట్టి క్షేత్రం తీగ నుంచి అన్ని వైపులకూ లంబంగా, చక్రపు ఆకుల్లా, బయటికి పోక తప్పదు. పైకో కిందికో వాలితే సౌష్ఠవం చెడుతుంది. ఇంత తెలిశాక తీగ మధ్యగా పోయేటట్టు ఒక వెదురుబొంగు లాంటి స్తూపాన్ని గీసుకోవాలి. దాని రెండు మూతలూ క్షేత్రానికి సమాంతరంగా ఉంటాయి, వాటి గుండా అభివాహం లేదు. వంపు తిరిగిన పక్కతలం మీద తీవ్రత అంతటా ఒకటే. కాబట్టి తీవ్రతను పక్కతలపు వైశాల్యంతో గుణిస్తే, లోపలి ఆవేశాన్ని ఎప్సిలాన్ నాట్‌తో భాగించినదానికి సమానం కావాలి. స్తూపపు పొడవు రెండు వైపులా కొట్టుకుపోయి, తీవ్రత దూరానికి మాత్రమే విలోమానుపాతంలో ఉంటుందని తేలుతుంది, దూరపు వర్గానికి కాదు. మీటరుకు 10 నానో కూలూంబ్‌ల ఆవేశమున్న తీగకు అరమీటరు దూరంలో తీవ్రత 360, ఒక మీటరు దూరంలో 180.

విశాలమైన చదును పలకకైతే కుంకుమ భరిణె లాంటి చిన్న డబ్బీ చాలు. సగం పలకకు ఇటు, సగం అటు ఉండేలా దాన్ని గుచ్చినట్టు ఊహించాలి. ఈసారి పక్కతలం గుండా ఏమీ పోదు, అభివాహమంతా రెండు మూతల గుండానే పోతుంది. ఒక్కొక్క మూతకు సగం వస్తుంది కాబట్టి, తీవ్రత అంటే చదరపు మీటరుకున్న ఆవేశాన్ని ఎప్సిలాన్ నాట్‌కు రెట్టింపుతో భాగించినది. దూరం అన్న మాటే జవాబులో లేదు! పలక అంచులు చాలా దూరంగా ఉన్నంతవరకు, దగ్గరగా నిలబడినా కాస్త ఎడంగా జరిగినా తీవ్రత ఒకటే. చదరపు మీటరుకు 17.7 నానో కూలూంబ్‌లు ఉంటే రెండు వైపులా కూలూంబ్‌కు 1000 న్యూటన్లు వస్తుంది.

బోలుగోళపు లెక్క ఇంకా చిన్నది. పైపొర మీద ఆవేశం సమంగా పరచుకొని ఉంటే, బయట గీసిన గోళానికి ఆవేశమంతా కేంద్రంలో ఉన్నట్టే ఉంటుంది. లోపల గీసిన గోళంలో ఆవేశం లేదు, సౌష్ఠవం వల్ల తీవ్రత అంతటా ఒకేలా ఉండాలి, కాబట్టి ఇక్కడ మాత్రం అభివాహం సున్నా కావడం వల్ల క్షేత్రం కూడా సున్నా అవుతుంది. అయిదో మెట్టులోని అగ్గిపెట్టెకూ దీనికీ ఉన్న తేడా సౌష్ఠవమే. ఆ మాట రాయకుండా ‘లోపల ఆవేశం లేదు కాబట్టి క్షేత్రం లేదు’ అని తేల్చేస్తే జవాబు సరైనదైనా వాదన తప్పు.

ఎనిమిదో మెట్టు: లోహం ఎందుకు వేరో తెలుసుకోవాలి

మొదటి ప్రయోగాన్ని కొద్ది మార్పుతో మళ్ళీ చేయాలి. కాగితం ముక్కల మీద టీ జాలీని బోర్లించి, పిడిని చేత్తో పట్టుకొని, రుద్దిన స్కేలును జాలీకి దగ్గరగా తేవాలి. ఇందాక ఎగిరిన ముక్కలే ఇప్పుడు కదలవు. స్కేలు అలాగే ఉంచి జాలీని తీసేస్తే వెంటనే నిక్కుతాయి. జాలీ నిండా కన్నాలే ఉన్నాయి, గాలి, వెలుతురు లోపలికి పోతూనే ఉన్నాయి, క్షేత్రం మాత్రం పోలేదు.

లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఉంటాయి. లోహం లోపల ఏ కాస్త క్షేత్రం ఉన్నా అవి కదులుతాయి, లోపలి క్షేత్రం పూర్తిగా చెల్లిపోయేవరకు కదులుతూనే ఉంటాయి. అవి సర్దుకున్న తరువాత లోహపు ద్రవ్యంలో క్షేత్రం సున్నా. కాబట్టి లోహం లోపల ఎక్కడ మూసిన తలం గీసినా అభివాహం సున్నా, నికర ఆవేశమూ సున్నా, ఉన్న ఆవేశమంతా ఉపరితలం మీదికే చేరుతుంది. ఉపరితలానికి భరిణెను గుచ్చితే, లోపలి మూత గుండా ఏమీ పోదు, అభివాహమంతా బయటి మూత గుండానే పోతుంది. అందుకే లోహపు ఉపరితలం పక్కన తీవ్రతలో ఆ ‘రెట్టింపు’ ఉండదు, చదరపు మీటరుకున్న ఆవేశాన్ని ఎప్సిలాన్ నాట్‌తోనే భాగించాలి. ఈ రెండు సూత్రాలనూ కలగాపులగం చేసుకునేవారు భరిణె బొమ్మ ఒక్కసారి గీసుకుంటే చాలు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆవేశం ఎక్కించిన వెండి పాత్రలోకి బెండు బంతిని దించి, లోపలి గోడలు దాన్ని ఆకర్షించకపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. ఆ సంగతి తెలుసుకున్న జోసెఫ్ ప్రీస్ట్‌లీ, విద్యుత్ బలం కూడా గురుత్వాకర్షణ లాగే దూరపు వర్గంతో తగ్గుతుండాలని 1767లోనే, అంటే కూలూంబ్ కొలతకు పద్దెనిమిదేళ్ళ ముందే, ఊహించాడు. ఫారడే 1836లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పన్నెండు అడుగుల ఘనాకారపు గదిని కట్టి, దానికి లోహపు తొడుగు వేసి, బయట నిప్పురవ్వలు ఎగిరేటంత ఆవేశం ఎక్కిస్తుండగా తాను లోపలే కూర్చొని, అతి సున్నితమైన విద్యుద్దర్శినులు కూడా కదలలేదని చూశాడు. ఉరుములు మెరుపుల వేళ అద్దాలు మూసిన కారులో కూర్చోవడం చెట్టు కింద నిలబడటం కన్నా ఎంతో క్షేమమన్న సలహాకు లోహపు ఒళ్ళే కారణం, రబ్బరు టైర్లు కాదు.

తొమ్మిదో మెట్టు: ఘనపు ప్రశ్నతో చేయి తిప్పుకోవాలి

ప్రవేశ పరీక్షల్లో పదేపదే కనిపించే ప్రశ్న ఇది. ఘనపు కేంద్రంలో ఆవేశం ఉంటే, ఆరు ముఖాలూ సమానమే కాబట్టి ఒక్కొక్కదాని గుండా మొత్తంలో ఆరో వంతు పోతుంది. ఆవేశం ఘనపు మూలలో ఉంటే, దాన్ని పూర్తిగా చుట్టుముట్టడానికి అలాంటి ఘనాలు ఎనిమిది కావాలి, అందువల్ల మన ఘనానికి ఎనిమిదో వంతే దక్కుతుంది. ఆ మూలను తాకుతున్న మూడు ముఖాలూ క్షేత్రానికి సమాంతరం, వాటి గుండా సున్నా. ఎదుటి మూడు ముఖాలూ ఎనిమిదో వంతును పంచుకుంటాయి, ఒక్కొక్కదానికి ఇరవై నాలుగో వంతు.

పదో మెట్టు: కాలి కింది నేల మీద లెక్క వేయాలి

నిర్మలమైన రోజున నేలకు దగ్గరగా గాలిలో మీటరుకు సుమారు 100 వోల్టుల క్షేత్రం కిందివైపుకు ఉంటుంది. మన నానో కూలూంబ్‌కు 30 సెంటీమీటర్ల దూరంలో వచ్చిన అంకె కూడా అదే. తలకూ పాదాలకూ మధ్య నూటయాభై వోల్టులకు పైగా ఉండాలి కదా, మరి షాక్ ఎందుకు కొట్టదు అన్న సందేహానికి ఎనిమిదో మెట్టులోనే సమాధానం ఉంది. ఒళ్ళు కూడా వాహకమే కాబట్టి క్షేత్రం దాని చుట్టూ వంగి సర్దుకుంటుంది.

భూమి ఉపరితల వైశాల్యం దాదాపు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు, అంటే 5.1 × 10¹⁴ చదరపు మీటర్లు. ఈ 100 వోల్టుల విలువ అంతటా ఉందని తీసుకొని, భూమిని నేలకు కాస్త పైగా మూసే గోళాన్ని గీస్తే, క్షేత్రం లోపలికి ఉంది కాబట్టి అభివాహం రుణాత్మకంగా 5.1 × 10¹⁶. ఎప్సిలాన్ నాట్‌తో గుణిస్తే భూమి మీద సుమారు నాలుగున్నర లక్షల కూలూంబ్‌ల రుణావేశం ఉందని వస్తుంది. భూమిని తాకే తీగ గానీ, త్రాసు గానీ అక్కరలేకుండానే దాని ఆవేశాన్ని తూచేశాం. చదరపు మీటరుకు చూస్తే ఇది దాదాపు 550 కోట్ల అదనపు ఎలక్ట్రాన్లు.

ఆపకుండా ఇంకొక్క తలం గీయవచ్చు. పైకి పోయేకొద్దీ ఈ క్షేత్రం బలహీనపడి, కొన్ని పదుల కిలోమీటర్ల ఎత్తున దాదాపు లేనట్టే అవుతుంది. ఒక చదరపు మీటరు అడుగుతో, కింది మూత నేల లోపల, పై మూత ఆ ఎత్తున ఉండేలా పొడవాటి స్తంభాన్ని ఊహించాలి. నేల వాహకం కాబట్టి కింది మూత దగ్గర క్షేత్రం లేదు, పై మూత దగ్గర దాదాపు లేదు, క్షేత్రం నిలువుగా ఉంది కాబట్టి పక్కల గుండా అభివాహం లేదు. అంటే స్తంభంలో నికర ఆవేశం సున్నా. నేల మీది ఆ 550 కోట్ల ఎలక్ట్రాన్లకు సరిపడా ధనావేశం మన తల పైన ఉన్న గాలిలోనే తేలుతూ ఉండాలి.